వాయిసీ దొర, కోనసముద్రపు ఉక్కు

హెన్రీ వెస్లీ వాయిసీ వృత్తిచే వైద్యుడు. 1818లో లాంబ్టన్ దొర త్రికోణమితి సర్వేయందు భూగర్భశాస్త్రజ్ఞుడుగ గూడ చేరి నైజాము రాజ్యమున సంచరించెను. గద్వాల, వనపర్తి సోదరులకు ఆయన పేరు క్రొత్త కావచ్చును; నిజామాబాదు సీమలోని కోనసముద్రపు కొలుములను కన్నులార గాంచి వ్రాసినవాడాతడు.

మూసనుండి తీసిన ఉక్కుముద్ద మిగుల కఠినము, సమ్మెటకు లొంగదు. కావున కమ్మరులు దానికి మట్టి పూసి పండ్రెండు మొదలు పదునారు గంటలు కాచి, చల్లార్చి, మెత్తబడువరకు మరల మరల నట్లే చేయుచుండిరి. దీని మర్మమును నేటి శాస్త్రము తెలుపుచున్నది: సుమారు 727 డిగ్రీలు దాటినంతనే ఇనుప పరమాణువుల స్ఫటికక్రమము మారి కర్బనమును కరగించుకొనును, మెల్లగా చల్లార్చిన మెత్తబడును, ఎఱ్ఱనిదానిని నీట ముంచిన గట్టిపడును. సూక్ష్మదర్శిని యెఱుగని కమ్మరికి మంటరంగే కొలబద్ద!

వాయిసీ 1824లో నాగపురమునుండి కలకత్తా పోవుచు త్రోవలోనే మృతినొందెను. ఆ వ్రాత 1832లో గాని అచ్చుపడలేదు.