జిడ్డు గుట్టు విప్పిన ఆగ్నెస్

నెయ్యి గిన్నె కడిగిన నీళ్ల మీద సన్నగా తేలే పొరను చూడని ఇల్లాలు ఉండదు. చూస్తాం, విసుక్కుంటాం, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టుకుంటాం. చీర కొంగు మీద తాలింపు నూనె చిందినా, పిల్లాడి యూనిఫాం నిక్కరుకు సైకిల్ చైను గ్రీజు అంటినా అదే విసుగు. అసలు ఆ జిడ్డు నీటి మీద అంత దూరం ఎలా పరుచుకుంటుంది? సబ్బు తగలగానే ఎందుకు తప్పుకుంటుంది? సుమారు నూట నలభై ఏళ్ల కిందట జర్మనీలో ఓ అమ్మాయి ఈ సంగతేమిటో తేల్చుకోవాలనుకుంది. కాలేజీ గడప తొక్కలేదు, లేబొరేటరీ లేదు. ఉన్నదల్లా వంటిల్లే. ఆమె పేరు ఆగ్నెస్ పొకెల్స్.

ఆగ్నెస్ 1862 ఫిబ్రవరి 14న వెనిస్‌లో పుట్టింది. అప్పట్లో ఆ ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసేవాడు. మలేరియాతో ఆరోగ్యం చెడి, 1871లో కుటుంబాన్ని జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణానికి తీసుకొచ్చేశాడు. అక్కడే ఆడపిల్లల స్కూల్లో ఆగ్నెస్ చదువు. ఫిజిక్స్ అంటే ప్రాణం. అయితే ఏం లాభం? ఆ రోజుల్లో అక్కడి యూనివర్సిటీల్లో ఆడపిల్లలకు సీటివ్వరు. తనకన్నా మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఫ్రీడ్రిష్ మాత్రం గోటింగెన్ వెళ్లి అదే ఫిజిక్స్ చదివాడు, తర్వాత ప్రొఫెసరయ్యాడు. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి, తమ్ముడు అక్కను మరిచిపోలేదు. తన పుస్తకాలు ఆమెకు ఇచ్చేవాడు. ఇంటిపని అయ్యాక ఆమె వాటిని తనంతట తానే చదువుకునేది. కొన్నేళ్లకు ఆడవాళ్లకూ యూనివర్సిటీ తలుపులు తెరుచుకున్నాయి గానీ, అమ్మానాన్నలు వద్దనడంతో ఆ ఆశా వదులుకుంది. ఇద్దరూ జబ్బు మనుషులు. వాళ్లకు పథ్యం వండిపెట్టడం, మందులివ్వడం, ఇల్లు చక్కబెట్టడం అంతా ఆమె మీదే. పెళ్లి కూడా చేసుకోలేదు.

గిన్నెలు కడిగే నీళ్లలోనే ఆమెకు ఈ ఆలోచన మెరిసిందంటారు. 1880ల మొదట్లో, అంటే ఇరవయ్యేళ్ల వయసుకు కాస్త అటూ ఇటూగా, శుభ్రమైన నీటికీ జిడ్డు నీటికీ పైపొరలో తేడా ఉందని గమనించింది. నీటి పైభాగం ఓ సాగదీసిన పల్చటి తోలులా బిగువుగా ఉంటుంది. స్కూలు పుస్తకాల్లో తలతన్యత అంటారే, అదే. మీ ఇంట్లోనే చూడొచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లండి, సబ్బు అంటిన వేలితో మధ్యలో ముట్టుకోండి. పొడి మొత్తం అంచులకు పరుగెడుతుంది. వేలు పెట్టినచోట నీటి బిగువు తగ్గింది, చుట్టూ ఉన్న బిగువు పొడిని లాక్కుపోయింది.

ఆ బిగువును కొలవాలనుకుంది ఆగ్నెస్. 1882 నాటికి తానే ఓ పరికరం తయారుచేసుకుంది. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు తొట్టె. అంచుల దాకా నీళ్లు. పైన అడ్డంగా ఓ రేకు బద్ద. ఆ బద్దను అటూ ఇటూ జరిపితే దాని పక్కనున్న నీటి పైభాగం పెరుగుతుంది, తరుగుతుంది. చొక్కా గుండీకన్నా చిన్నదైన ఓ బిళ్లను, 6 మిల్లీమీటర్లు ఉంటుందంతే, నీటికి ఆనించి త్రాసుతో పైకి లాగడానికి ఎంత బరువు కావాలో చూసేది. బద్దకు ఇంకో పని కూడా ఉంది. నీటి మీద పేరుకున్న మురికిని చీపురుతో ఊడ్చినట్టు ఓ మూలకు తోసేస్తుంది. ఇంత చవకైన పరికరంతో ఆమె కనిపెట్టిందేమిటంటే, జిడ్డు పొర వెడల్పుగా పరుచుకుని ఉన్నంతసేపు నీటి బిగువు దాదాపు మారదు. బద్దతో నొక్కుకుంటూ వస్తే ఒక హద్దు దాటాక గభాల్న పడిపోతుంది. ఆ హద్దు దగ్గర నూనె పొర ఒక్క అణువు మందమే ఉంటుందని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. కంటికి ఆనని చేతి జిడ్డు కూడా నీటి గుణాన్ని మార్చేస్తుందన్నమాట!

ఇప్పుడు మన మరక దగ్గరికి వద్దాం. నూనె అంటిన చోట నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి గానీ లోపలికి ఇంకవు. ఒకటి నీటి బిగువు, రెండోది నూనెకూ నీటికీ పొత్తు కుదరకపోవడం. సబ్బు ఈ రెండింటికీ మందు. నీటి బిగువును సగానికి పైగా తగ్గిస్తుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. అలా దారం పోగుల్లోంచి నూనెను చిన్న చిన్న బొట్లుగా లాగి నీటిలో కలిపేస్తుంది. కుంకుడుకాయ చేసేదీ ఇంచుమించు ఇదే పని.

అందుకే మరక పడగానే నీళ్ల కింద పెట్టేయకండి. ముందు పాత గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే నూనె పక్కకు పాకుతుంది. టాల్కం పౌడరో, మొక్కజొన్న పిండో చల్లి అరగంట వదిలేస్తే కొంత పీల్చుకుంటుంది, దులిపేయండి. తర్వాత బట్ట పొడిగా ఉండగానే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు మరక మీద వేసి, వేళ్లతో మెల్లగా పామి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. పొడి బట్ట మీదే ఎందుకంటే, నీళ్లు ముందే చేరితే సబ్బు పలచబడిపోతుంది, నూనెకు సూటిగా తగలదు. నూలు బట్టయితే గోరువెచ్చని నీళ్లతో ఉతకండి. పాలిస్టర్ నూనెను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చేయాలి. రంగు పోతుందేమోనని అనుమానముంటే లోపలి మడత మీద ముందు చూసుకోండి. మరక పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరేదాకా ఇస్త్రీ పెట్టె జోలికి వెళ్లొద్దు. వేడికి నూనె ముదిరి పోగుల్ని పట్టేసుకుంటుంది. ఉప్పునీళ్ల బోరున్న ఇళ్లలో బట్టల సబ్బు తెట్టెగా విరిగిపోతుంది, అక్కడ డిటర్జెంట్ పౌడరే నయం. ఆవకాయ మరకైతే రెండు మరకల పెట్టు. నూనె సబ్బుకు పోతుంది, పసుపు మాత్రం సబ్బు తగలగానే ఎర్రబారి భయపెడుతుంది. కంగారు పడకండి, జాడించి ఎండలో వేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

ఆగ్నెస్ దగ్గర పదేళ్ల కొలతలు పోగయ్యాయి. చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. డిగ్రీ లేని ఆడమనిషి రాసింది ఏ శాస్త్ర పత్రిక వేసుకుంటుంది? ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే పెద్ద శాస్త్రవేత్త నీటి మీద నూనె పొరల గురించి పరిశోధిస్తున్నాడని తెలిసి, ధైర్యం చేసి 1891 జనవరి 10న ఆయనకు జర్మన్‌లో ఉత్తరం రాసింది. తన కొలతలన్నీ వివరించి, పనికొస్తే వాడుకోమంది. ఆయన ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయలేదు, తన పేరు కిందా వేసుకోలేదు. భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆయన సిఫారసు జతచేసి నేచర్ పత్రికకు పంపాడు. 1891 మార్చి 12 సంచికలో ఆగ్నెస్ పేరుతోనే అచ్చయింది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. ఆ తర్వాత ఆమె వ్యాసాలు ఒక్కొక్కటిగా వెలువడ్డాయి. ఇంట్లో సేవలు మాత్రం తప్పలేదు. 1906లో తండ్రి, 1914లో తల్లి పోయారు. మధ్యలో 1913లో తమ్ముడూ పోయాడు. ఆ వెంటనే ప్రపంచయుద్ధం. శాస్త్ర పత్రికలు చేతికందక పరిశోధన దాదాపు ఆగిపోయింది.

ఆమె తొట్టె మాత్రం ఆగలేదు. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దాన్ని మెరుగుపరిచి 1917లో పెద్ద వ్యాసమే ప్రచురించాడు. ఈ పైపొరల పరిశోధనకే 1932లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనతో పనిచేసిన కేథరీన్ బ్లాడ్జెట్ ఇంకో ముచ్చట కనిపెట్టింది. జిడ్డు పొర తేలుతున్న నీటిలోంచి గాజు పలకను ముంచి తీస్తే, ఆ పొర పలకకు అంటుకుని వస్తుంది. ముంచినకొద్దీ పొర మీద పొర.

బకెట్లో బట్టలు నానబెట్టే మనకు ఇది బాగా పనికొచ్చే సంగతి. నురగ చచ్చిపోయి నీటి మీద జిడ్డు తేలుతోందంటే సబ్బు చాలలేదని అర్థం. అలాంటప్పుడు చీరను అందులోంచే పైకి లాగితే వదిలిన జిడ్డు మళ్లీ బట్టకు అంటుకోవచ్చు. ముందు బకెట్ వంచి పైనీళ్లు పారబోయండి, తర్వాత బట్ట తీసి కొత్త నీళ్లలో జాడించండి. జిడ్డు బట్టల్ని తక్కిన వాటితో కలిపి నానబెట్టకపోవడం ఇంకా మంచిది.

గుర్తింపు ఆగ్నెస్ ముంగిటికి ఆలస్యంగా వచ్చింది. 1931లో ఫ్రాన్సుకు చెందిన అన్రీ దెవోతో కలిపి ఆమెకు లారా లెనర్డ్ బహుమతి ఇచ్చారు. 1932లో, డెబ్భై నిండిన ఏట, బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. క్లాసులో ఒక్కరోజూ కూర్చోకుండా సొంత ఊళ్లోనే డాక్టర్ ఆగ్నెస్ అయింది. 1935 నవంబర్ 21న ఆ ఊళ్లోనే కన్నుమూసింది. లేబొరేటరీల్లో ఆ తొట్టెను ఎక్కువమంది లాంగ్‌మ్యూర్ తొట్టె అనే పిలుస్తారు. పొకెల్స్ పేరు కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు.