లూయిజీ గాల్వానీ

చేయి యెత్తవలెనని తలచినంతనే చేయి లేచును. ఆ యాజ్ఞ మెదడునుండి చేతివరకు ఏ రూపమున పోవుచున్నది? నరములగుండ ఏదియో సూక్ష్మద్రవ్యము ప్రవహించునని పూర్వపు వైద్యులు తలచుచుండిరి. ఆ నమ్మికను కదలించినవాడు లూయిజీ గాల్వానీ.

గాల్వానీ 1737వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయముననే వైద్యము నభ్యసించి, పిమ్మట శరీర నిర్మాణ శాస్త్రమును బోధించు ఆచార్యుడయ్యెను. ఆతని భార్య లూచియా విద్యావతి; భర్త పరిశోధనలకు ఎంతయో తోడ్పడెను.

ఒకనాడు పరిశోధనశాలలో చచ్చిన కప్ప కాళ్లు బల్లపై నుండెను. విద్యుద్యంత్రమునుండి రవ్వ వెడలిన క్షణముననే సహాయకుడొకడు కత్తిమొనతో కప్పనరమును తాకెను. వెంటనే ఆ కాళ్లు ప్రాణమున్నట్లు తన్నుకొనెను. మరియొకరైనచో ఆ వింతను చూచి మరచియుందురు. గాల్వానీ విడువలేదు. సుమారు పదేండ్లు దానినే పరిశోధించెను. మెరుపులు మెరయునపుడు కప్పకాళ్లను ఆరుబయట వ్రేలాడగట్టి చూచెను. ఇత్తడి కొక్కెములకు తగిలించిన కాళ్లు, కొక్కెమును ఇనుప కమ్మీకి నొక్కినప్పుడు, మబ్బులేని దినమున సైతము అదరెను. కావున విద్యుత్తు జంతుశరీరముననే కలదని నిశ్చయించి, 1791లో తన గ్రంథమును ప్రకటించెను. దానిని చూచు భాగ్యము లూచియాకు లేకపోయెను. ఆమె అంతకు ముందే మరణించెను.

పావియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా ఈ సిద్ధాంతమును మొదట అంగీకరించి, తరువాత కాదనెను. రెండు వేర్వేరు లోహములు తడిపదార్థమును తాకుటచే విద్యుత్తు పుట్టుచున్నదనియు, కప్పకాలు దాని ఉనికిని తెలుపు సాధనము మాత్రమే యనియు ఆతని వాదము. గాల్వానీ ప్రయోగముతో బదులు చెప్పెను. లోహమేదియు లేకుండ నరమును నేరుగా కండరమునకు తాకించెను. అప్పుడును కండరము ముడుచుకొనెను. అయినను వివాదము తీరలేదు.

ఇంతలో కష్టకాలము వచ్చెను. నెపోలియన్ ఉత్తర ఇటలీని జయించి, 1797లో సిసాల్పైన్ గణతంత్రమును స్థాపించెను. ఆచార్యులందరును ఆ ప్రభుత్వమునకు విధేయులమని ప్రమాణము చేయవలసి వచ్చెను. అది తన మతవిశ్వాసమునకు విరుద్ధమని గాల్వానీ నిరాకరించెను. ఫలితముగా పదవియు, జీతమును పోయినవి. ప్రమాణము లేకయే పదవి మరల నొసగుటకు ప్రభుత్వము సమ్మతించెను గాని, దానిని స్వీకరింపకమునుపే, 1798 డిసెంబరు 4వ తేదీన ఆతడు కన్నుమూసెను.

1800లో వోల్టా లోహపు బిళ్లలతో విద్యుద్ఘటమును నిర్మించి లోకప్రసిద్ధి గాంచెను. గాల్వానీ ఓడెనని పలువురు భావించిరి. కాని సత్యము మరుగుపడియుండలేదు. 1850లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్, కప్పనరమున సంకేతము సెకనుకు సుమారు 30 మీటర్ల వేగముతో పోవునని కొలిచి చూపెను. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు స్క్విడ్ అను సముద్రజీవి యొక్క లావైన నాడీతంతువును పరిశోధించి ఆ సంకేతపు తీరును వివరించిరి.

విశ్రాంతిస్థితిలో నాడీకణము లోపలి భాగము వెలుపలి భాగముకంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా, అనగా ఋణముగా నుండును. ప్రేరణ కలిగినచోట పొరలోని ద్వారములు తెరచుకొని, ధనవిద్యుత్తు గల సోడియం అయానులు లోనికి చొచ్చును. వెనువెంటనే పొటాషియం అయానులు వెలుపలికి పోవుటచే ఆ చోటు పూర్వస్థితికి వచ్చును. ఒకచోటి మార్పు ప్రక్కచోటును మేల్కొల్పును. ఇట్లు, వత్తివెంట నిప్పు ప్రాకినట్లు, సంకేతము ముందునకు సాగును. అయితే వత్తి కాలిపోవును; నరము మరల సిద్ధమగును.

లోహముల విషయమున వోల్టా చెప్పినది నిజము. ప్రాణుల విషయమున గాల్వానీ చెప్పినది నిజము. విద్యుత్ప్రవాహమును కనుగొను గాల్వనోమీటరు నేటికిని ఆతని పేరు మోయుచున్నది. పదవి పోయినను మనస్సాక్షిని వీడని ఆ ఆచార్యుడు, ఎదిరివాదమునకు కోపముతోగాక ప్రయోగముతో సమాధానమిచ్చెను. ఆతని కీర్తికి ఈ రెండును మూలములు.