చలనచిత్ర యంత్రము చేపట్టిన వేటకాడు

1875లో నైనితాలున జన్మించి 1955లో కెన్యాలో కన్నుమూసిన జిమ్ కార్బెట్‌ను నరభక్షక వ్యాఘ్రములను గూల్చిన వేటకానిగా లోకమెరుగును. తుపాకిని ప్రక్కకు బెట్టి పులుల బ్రతుకును చలనచిత్రముగా తీయుటకు ఆయన పడిన పాట్లు ఎరిగినవారు తక్కువ.

యంత్రము తిరుగు సడి చెవిసోకినంతనే పులులు తొలగిపోవుచుండెను. పదేండ్లు అడవులు తిరిగియు తృప్తి కలుగలేదు. తుదకు 1930వ దశకము చివర, ఒక లోయలోని సెలయేటికి అక్కడక్కడ అడ్డుకట్టలు వేసి చిన్న జలపాతముల నేర్పరచెను. ఆ నీటి హోరులో యంత్రపు సడి మునిగిపోయెను. ఎంత సులువైన యుపాయము! పిదప నెలల తరబడి ఏడు పులులను కొన్ని గజముల చొప్పున మెల్లమెల్లగా అచటికి రప్పించెను. నడుమ నొకటి ఎందుచేతనో వెడలిపోయెను. మిగిలిన యారును చిత్రమున కెక్కినవి. గంటలకొలది మాటున గూర్చుండిన ఆయనను వానిలో ఒక్కటియు చూడనేలేదు.