సర్ జేమ్సు డ్యూవరు

అతిశీతల పదార్థములను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞులలో సర్ జేమ్సు డ్యూవరు అగ్రగణ్యుడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

డ్యూవరు 1842వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన స్కాట్లండు దేశమున కింకార్డిన్ గ్రామమందు జన్మించెను. పదియేండ్ల ప్రాయమున, గడ్డకట్టిన చెరువుమీది మంచు పగిలి నీటిలో పడి, కీళ్లవాత జ్వరముచే చాలకాలము బాధపడెను. ఆ దినములలో ఫిడేళ్లు చేయుట నేర్చెను. తన హస్తలాఘవమునకు ఆ పనియే మూలమని ఆయన నమ్మిక.

1877లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు ఆచార్యుడయ్యెను. అచ్చట గాలిని, ఆమ్లజనిని ద్రవములుగా మార్చి, వానిలో లోహములను ముంచి పరీక్షింపబూనెను. ఇందు రెండు చిక్కులు కలిగెను. మొదటిది బయటి వేడి. దాని నివారణకై 1892లో రెండు గోడలు గల గాజుపాత్రను కల్పించి, గోడల నడిమి గాలిని తీసివేసెను. శూన్యముగుండ వేడి సులభముగా పోజాలదు గదా! మన యిండ్లలోని థర్మాసునకు ఈ పాత్రయే మూలము.

రెండవది మాలిన్యము. గాలిలోని తేమయు, బొగ్గుపులుసు వాయువును ఆ చలికి మంచుపొడియై ద్రవమును పాలవలె తెల్లబరచుచుండెను. అందు ముంచిన వస్తువు స్పష్టముగా కానరాదు. డ్యూవరు దానిని సామాన్యమైన వడపోత కాగితముతో వడియగట్టగా, లేతనీలపు కాంతితో నిర్మలమయ్యెను. మరియు ద్రవవాయువునందు నత్రజని ముందుగా ఆవిరియగుటచే దాని ఉష్ణత క్రమముగా హెచ్చును. శుద్ధమైన ద్రవ ఆమ్లజని మాత్రము సున్నకు దిగువ 183 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద నిలుకడగా మరగును.

ఇట్టి చలిలో ఇనుపతీగ బలము ఇంచుమించు రెట్టింపగునని ఆయన కనుగొనెను. ఫ్లెమింగు పండితునితో కూడి లోహముల విద్యున్నిరోధమును కొలిచెను. శుద్ధలోహములలో నిరోధము మిక్కిలి తగ్గెను. మిశ్రలోహములలో అంతగా తగ్గలేదు. లోహమందలి స్వల్పమాలిన్యము సైతము అతిశీతలమున బయటపడునని తేలెను.

1898లో ఉదజనిని ద్రవముగా మార్చెను. ఇక మిగిలినది హీలియము. ఇంగ్లండునందలి బాత్ పట్టణపు ఊటలనుండి వెలువడు వాయువునుండి దానిని సంపాదించెను గాని, అందు కలిసియున్న నియాను గడ్డకట్టి యంత్రపు సన్నగొట్టములను మూసివేసెను. హీలియము విషయమున ఆరితేరిన రామ్సే పండితునితో వైరముండుటచే ఆయన సాయమును లభింపలేదు. 1908 జూలై 10వ తేదీన హాలండు దేశపు లైడెను నగరమున కామర్లింగ్ ఓన్నెస్, చక్కగా శుద్ధిచేసిన హీలియముతో ఆ కార్యమును సాధించెను.

డ్యూవరు 1923 మార్చి 27వ తేదీన పరలోకగతుడయ్యెను. ద్రవమును వడియగట్టి నిర్మలము చేసిన ఆ మహనీయుడే వాయువులోని మాలిన్యముచేతను, మనస్సులోని వైరముచేతను తుదిమెట్టు నెక్కజాలకపోయెను. ప్రయోగశాలలో పాత్రలను కడుగునపుడు మన బాలబాలికలు ఈ రెండింటిని జ్ఞప్తియందుంచుకొందురుగాక యని కోరుచున్నాము.