బఠానీ మొలకతో మొదలైన మన సినిమా

వెర్రిబీ: స్కూలు సెలవులు వస్తే మన ఇళ్లలో పిల్లలకు ఇదొక సరదా. బొమ్మను బల్ల మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తారు. దాన్ని రవ్వంత జరిపి మళ్లీ తీస్తారు. అలా వంద ఫొటోలయ్యాక యాప్‌లో వేసి నొక్కితే బొమ్మ నడుస్తుంది. నూరేళ్లకు ముందే బొంబాయిలో ఒకాయన ఇలాంటి పనే చేశారు. ఆయన కెమెరా ముందున్నది బొమ్మ కాదు, కుండీలో నాటిన బఠానీ గింజ. ఆయనే దాదాసాహెబ్ ఫాల్కే.

బీఎన్ రెడ్డి, ఎల్వీ ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్‌లు అందుకున్న అవార్డు ద్వారా ఆ పేరు మనకు బాగా తెలుసు. పేరు వెనుక మనిషి కథే పిల్లలకు చెప్పడం తక్కువ.

అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో సంస్కృత పండితుల ఇంట పుట్టారు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనూ, తర్వాత బరోడా కళాభవన్‌లోనూ చదివారు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టారు. అక్కడ ప్లేగు వ్యాధి ఆయన మొదటి భార్యనూ, బిడ్డనూ తీసుకుపోయింది. ఆ తర్వాత ఇంద్రజాలం నేర్చుకున్నారు, పురావస్తు శాఖలో పనిచేశారు, అచ్చు వ్యాపారం పెట్టారు. భాగస్వాములతో పడక ఆ వ్యాపారమూ వదిలేశారు.

1911లో ఈస్టర్ రోజుల్లో బొంబాయిలో క్రీస్తు జీవితంపై తీసిన మూగచిత్రం చూశారు. తెర మీద క్రీస్తు కదులుతుంటే ఆయన మనసులో రాముడు, కృష్ణుడు కదిలారు. మన దేవుళ్లను మనమే తెరకెక్కించాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. మనకు 30 కిలోమీటర్ల దూరంలోని మెల్‌బోర్న్‌లో అప్పటికే 1906 డిసెంబరులో కెల్లీ ముఠా కథ తెరకెక్కింది. ప్రపంచంలో తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా దాన్ని చెబుతారు. మన దేశంలో మాత్రం కథాచిత్రం తీసే పని నేర్పేవారు లేరు.

ఫాల్కే దొరికిన సినిమాలన్నీ చూశారు, దొరికిన పుస్తకాలన్నీ చదివారు. రాత్రీపగలూ ఆ శ్రమతో కళ్లు దెబ్బతిని కొంతకాలం చూపే పోయింది. వైద్యంతో చూపు తిరిగొచ్చాక బీమా పాలసీ తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్లారు. పని నేర్చుకుని, కెమెరా కొని ఏప్రిల్‌లో తిరిగొచ్చారు.

కెమెరా అయితే ఉంది, చేతిలో డబ్బు లేదు. సినిమా అంటే పెట్టుబడి పెట్టేవారికి నమ్మకం లేదు. అందుకే కుండీలో బఠానీ గింజ నాటి, దాని ముందు కెమెరా బిగించారు. నెలకు పైగా, రోజూ కొద్దికొద్దిగా ఫ్రేములు తీస్తూ పోయారు. కెమెరా కదిలినా, మొక్క వాడినా అంతా మొదటికొచ్చేది. చివరికి నిమిషం పైచిలుకు చిత్రం తయారైంది. నెల రోజుల ఎదుగుదల కళ్ల ముందే జరిగింది. గింజ పగిలి, మొలక లేచి, తీగ సాగింది. అది చూసినవారు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు.

అయినా ఆ డబ్బు చాలలేదు. భార్య సరస్వతీబాయి తన నగలు ఇచ్చారు. పగలు యూనిట్ మొత్తానికి వంట చేసి, షూటింగ్‌లో వెలుతురు పడేలా తెల్లని దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. రాత్రిళ్లు చీకట్లో ఫిల్మ్ అంచులకు చిల్లులు వేశారు. ఆ చిల్లులు సరిగా లేకపోతే కెమెరాలో ఫిల్మ్ నడవదు. కొడుకు భాలచంద్ర రోహితుడయ్యాడు. ఆడవాళ్లు నటించడానికి ఒప్పుకోకపోవడంతో సాలుంకే అనే యువకుడు తారామతి వేషం కట్టాడు. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ థియేటర్‌లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైంది.

అంతటితో ఆయన ఆగలేదు. 1915లో అగ్గిపుల్లలను ఒక్కొక్క ఫ్రేముకూ కొంచెం కొంచెం జరుపుతూ అవి వాటంతటవే ఆడుతున్నట్టు చిత్రం తీశారు. దాని ప్రతి ఇప్పుడు దొరకడం లేదు. 1917లో వచ్చిన ‘లంకా దహన్’ను జనం విరగబడి చూశారు. తర్వాత టాకీలు వచ్చాయి, ఆయన వెనుకబడ్డారు. 1937లో ‘గంగావతరణ్’ తీశారు. అదే చివరిది. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో, పెద్దగా ఎవరికీ పట్టకుండానే కన్నుమూశారు. ఆయన పేరిట అవార్డు మొదలైంది 1969లో.

వచ్చే సెలవుల్లో పిల్లలతో కిటికీ దగ్గర ఒక బఠానీ గింజ నాటించండి. ఫోన్ ఒకేచోట నిలిపి రోజూ ఫొటోలు తీయించండి. మూడోరోజుకే విసుగొస్తుంది. అప్పుడు ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు సరస్వతీబాయి పేరు మరిచిపోకండి.