రహీం మాస్టారు – ఎడమకాలు

ఈసారి గోడపత్రికలో నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం రాస్తున్నాను.

నేను ఫుట్‌బాల్ ఆడేటప్పుడు కుడికాలితోనే తంతాను. ఎడమకాలితో తంతే బంతి ఎటో పోతుంది, అందరూ నవ్వుతారు. అందుకే మానేశాను. అప్పుడు ఆటల మేడంగారు నాకు రహీం గారి సంగతి చెప్పారు.

రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టారు. చదువుకునేటప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన పిల్లలకు వింత పోటీలు పెట్టించారు. ఒక పోటీలో బలంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాళ్ళు ఎడమకాలితో, ఎడమకాలి వాళ్ళు కుడికాలితో అన్నమాట. ఇంకో పోటీలో బంతిని ఒక్కరే ఉంచుకోకుండా పక్కవాళ్ళకు అందించాలి.

1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది.

ఆయన భారతదేశం జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన జట్టుకు బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. మనవాళ్ళు కొందరు బూట్లు లేకుండా వట్టికాళ్ళతోనే ఆడారు. అయినా రహీం గారు వదిలిపెట్టలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. జర్నైల్ సింగ్ గారు గోలు పడకుండా వెనక కాసే ఆటగాడు. ఆయన తలకు దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి గోలు కొట్టే చోట ఆడించారు. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే వచ్చింది. స్టేడియంలో జనం మనవాళ్ళను గేలి చేశారు. పి.కె. బెనర్జీ గారు ఒక గోలు, జర్నైల్ సింగ్ గారు ఒక గోలు కొట్టారు. 2-1తో మనం గెలిచాం. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు.

1963 జూన్ 11న రహీం గారు చనిపోయారు.

మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మ వేలిముద్ర వేస్తుంది. ఇంగ్లీషు నాకు ఎడమకాలు లాంటిది. చదవటం మానేస్తే ఎప్పటికీ రాదు. నేను ఇంగ్లీషూ చదువుతాను, ఎడమకాలితోనూ తంతాను. బంతి మునేట్లో పడినా నవ్వకండి, తెచ్చివ్వండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని, పెనుగంచిప్రోలు