ఆరాధించాలన్న ఆశ: పురుషోత్తమ చౌధరి గారి జీవితం మనకు నేర్పేది

ఆదివారం ఉదయం నల్లజర్ల కూడలిలో బస్సు దిగి ఏ పేటలోకి నడిచినా పాట వినబడుతుంది. పామాయిల్ తోట పక్కన రేకుల షెడ్డులో ఒక సంఘం, రెండు వీధుల అవతల డాబా మీద మరొకటి. తాడేపల్లిగూడెం వెళ్లే దారిలోనూ అంతే, ఏలూరు దాటి కొల్లేటి గట్ల మీది ఊళ్లలోనూ అంతే. మన తాతల నాడు కంజిర, తాళాలు ఉంటే గొప్ప. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్, పెద్ద స్పీకర్లు వచ్చాయి. పాట పదాలు గోడ మీద తెరపై కనబడుతున్నాయి. దేవుడు మన సంఘాలకు ఇచ్చిన వాటికి స్తోత్రం.

అయినా ఆరాధన ముగిసి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు మనలో చాలామందికి లోపల ఒక వెలితి తెలుస్తుంది. నోరు పాడింది, చేతులు లేచాయి, మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఎవరికీ చెప్పుకోం. వచ్చే వారం సర్దుకుంటుందిలే అనుకుంటాం. వారాలు గడుస్తాయి, సంవత్సరాలు కూడా గడుస్తాయి. ఆరాధించాలన్న ఆశ ఎప్పుడు చల్లారిందో మనకే తెలియదు.

ఆశ చల్లారినప్పుడు ఏం చేయాలి? సలహాలు చెప్పే ముందు ఈ వారం ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెట్టాలని అనుకుంటున్నాం. ఆయన పేరు మీ ఇంట్లోనే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన దగ్గర రాగం, తాళంతో పాటు రచయిత పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పేర్లలో మళ్లీ మళ్లీ కనబడేది పురుషోత్తమ చౌధరి. ఏళ్లుగా ఆయన పాటలు పాడుతున్నాం గాని, ఆయన ఎవరో మన పిల్లలకు చెప్పిన వాళ్లం తక్కువే.

తెలియక ముందే పుట్టిన ఆశ

చౌధరి గారు 1803లో ఆనాటి గంజాం సీమలోని మదనపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వారి పూర్వీకులు బెంగాలు నుంచి వచ్చినవారు. తెలుగు, ఒరియా కలిసి వినబడే సీమ అది. సంస్కృతం, తెలుగు చదువుకున్నారు, ఛందస్సు నేర్చారు, సంగీతం ఒంటబట్టించుకున్నారు. చిన్ననాటి నుంచీ భక్తిపరులు. పూజలకు, మంత్రాలకు కొరత లేని ఇల్లు. లోకం దృష్టిలో ఆయనకు తక్కువైనది ఏదీ లేదు.

తక్కువైనది లోపల ఉంది. పాపం పోయిందన్న నిశ్చయం ఎలా వస్తుంది, దేవుణ్ణి నిజంగా చేరేది ఎలా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. క్రీస్తు పేరు తెలియక ముందే, ఆరాధించాలన్న తపన ఆయనలో ఉంది. ఆ తపన ఆయన సొంతంగా సంపాదించుకున్నది కాదు. మనిషిని చేసినవాడే మనిషిలో పెట్టిన ఆకలి అది. మనకూ అది ఉంది. తేడా ఒక్కటే. ఆయన ఆ ఆకలిని చిరుతిళ్లతో చంపుకోలేదు.

ఆ రోజుల్లో తెలుగులో సువార్త అచ్చులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నం వచ్చారు. మొదట వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరూ అయిదేళ్లు తిరిగేలోగా చనిపోయారు. వారికి తోడుగా ఆనందరాయర్ అనే విశ్వాసి అనువాదంలో పనిచేశారు. తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. అలా అచ్చయిన చిన్న కరపత్రాలు చేతులు మారుతూ ఊళ్లకు చేరేవి. వాటిలో ఒకటి చౌధరి గారి చేతికి వచ్చింది.

కరపత్రం ఎంతోమంది చేతికి వస్తుంది. చాలామంది మడిచి పక్కన పెడతారు. ఆయన చదివారు. చదివి ఊరుకోలేదు, అది చెప్పేది నిజమో కాదో తెలుసుకోవాలని తెలిసినవారిని వెతుక్కుంటూ వెళ్లారు. అడిగారు, వాదించారు, మళ్లీ చదివారు. చివరకు కటకం దాకా వెళ్లారు. అక్కడ ఇంగ్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు 1822 నుంచి పనిచేస్తున్నారు. ఈ తీరం వెంట రైలు నడవడానికి ఇంకా అరవై ఏళ్లు పడుతుంది. ఆ దారిలో ఎండ ఉంది, వాన ఉంది, పొంగే నదులు ఉన్నాయి. మన ఇంటి నుంచి మందిరానికి ఎంత దూరమో ఒకసారి లెక్క వేసుకుందాం.

ఆశకు కట్టిన వెల

1833లో ఆయన కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ముప్పయ్యేళ్ల వయసు.

ఆ కాలంలో ఒక బ్రాహ్మణుడు బాప్తిస్మం పొందడం అంటే ఏమిటో ఇప్పటి మనకు ఊహకు అందదు. నీళ్లలో నుంచి లేచేసరికి కులం వెలివేస్తుంది. ఇంటి పంక్తిలో చోటు ఉండదు, అయినవాళ్లు నీళ్లు కూడా ఇవ్వరు. బతికున్నవాణ్ణి చనిపోయినవాడితో సమానంగా చూస్తారు. ఆస్తి సంగతి కూడా అంతే. మతం మారినవాడికి పిత్రార్జితంలో హక్కు పోదని చట్టం వచ్చింది 1850లో. అంటే చౌధరి గారు నీళ్లలోకి దిగిన నాటికి ఆ రక్షణ లేదు. ఆ చట్టానికి ఇంకా పదిహేడేళ్లు ఉంది.

ఇదంతా తెలిసే ఆయన దిగారు. ఉద్యోగం కోసం అనడానికి లేదు, పరువు కోసం అసలే కాదు. ఉన్న పరువంతా అక్కడే వదులుకున్నారు. సమరయ స్త్రీతో ప్రభువు బావి దగ్గర చెప్పిన సంగతి ఆయనకు జీవితం అయింది. దేవుణ్ణి ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించాలంటే ఫలానా కొండ, ఫలానా గుడి అక్కర్లేదు. ఆరాధించే మనిషి మాత్రం పూర్తిగా రావాలి. సగం ఇంటి దగ్గర ఉంచి సగం తెచ్చేది ఆరాధన కాదు.

మన వెలితికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుందేమో ఆలోచిద్దాం. మన ఆరాధనకు మనం ఏ వెలా కట్టలేదు. కానుక పెట్టెలో వేసేది గురించి కాదు మేము అంటున్నది. ప్రభువు కోసం మానుకున్న ఒక అలవాటు, ఆయన కోసం తగ్గించుకున్న ఒక పంతం, క్షమించి వదిలేసిన ఒక బాకీ. ఇవేవీ లేకుండా ఆదివారం రెండు గంటలు కూర్చుంటే మనసు కదలాలంటే ఎలా కదులుతుంది?

తెలుగు నోటికి ఇచ్చిన పాట

చౌధరి గారు ఇల్లు పోగొట్టుకున్నారు గాని తన భాషను, సంగీతాన్ని పోగొట్టుకోలేదు. వాటిని కూడా ప్రభువు దగ్గరకు తెచ్చారు. ఆయన చేసిన పనుల్లో మనకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే.

ఆనాటి మిషన్ సంఘాల్లో దొరలు తెచ్చిన రాగాలకు తెలుగు మాటలు అతికించి పాడించేవారు. మాట సాగదీస్తే గాని రాగానికి సరిపడేది కాదు. చౌధరి గారికి తెలిసిన దారి వేరు. పల్లవి, అనుపల్లవి, చరణం ఉన్న కీర్తన ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కాలంలోనే తిరువయ్యారులో త్యాగయ్య గారు ఇంకా జీవించి ఉన్నారు, ఆయన కీర్తనలు తెలుగు నోళ్లలో తిరుగుతున్నాయి. అంతకు ముందే భద్రాచలం రామదాసు కీర్తనలు పల్లె పల్లెకూ చేరాయి. ఆ నడకలోనే, ఆ రాగతాళాల్లోనే చౌధరి గారు యేసుక్రీస్తును కీర్తించారు. వందకు పైగా కీర్తనలు రాశారు. పద్యాలు, శతకం రాశారు. కులాన్ని పరీక్షకు పెట్టి ప్రశ్నించే పుస్తకమూ రాశారు.

కీర్తనకు ఒక గుణం ఉంది. అక్షరం రానివాడు కూడా దాన్ని మోయగలడు. ముందు ఒకరు పల్లవి అందుకుంటారు, వెనక అందరూ అంటారు. నాలుగుసార్లు అనేసరికి నోటికి వస్తుంది. పగలంతా పొలంలో వంగి, రాత్రి లాంతరు చుట్టూ కూర్చున్న కూలీ జనానికి సత్యవేదం చేతికి రాకముందే చెవికి వచ్చింది, ఈ పాటల వల్ల. పాపి మొర, సిలువ మీది శ్రమ, ప్రభువు కనికరం అన్నీ అందులో ఉన్నాయి. మన నాయనమ్మలు చాలామంది ఒక్క ముక్క చదవలేకపోయినా, పది కీర్తనలు చూడకుండా పాడేవారు. కడుపు నొప్పి వచ్చిన రాత్రి, బిడ్డ పోయిన రోజు, పైరు మునిగిన ఏడు వారికి తోడున్నది ఆ పాటే.

తాను వెలివేతకు గురైన పండితుడు రాసిన పాట, పుట్టుకతోనే ఊరి బయట పెట్టబడిన జనం నోట నిలిచింది. ఇది దేవుడు చేసిన పని. మన సీమ చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. చౌధరి గారి బాప్తిస్మం అయిన మూడేళ్లకు, 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టాకు వచ్చి నర్సాపురంలో స్థిరపడ్డారు. అటు కృష్ణా సీమలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, విగ్రహాలు దేవుడు కాదని ఒకరు చెప్పగా విని, పేరు తెలియని దేవుణ్ణి కనబడమని ఏళ్ల తరబడి వేడుకున్నారు. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ ద్వారా ఆ దేవుని పేరు విన్నారు. చౌధరి గారికి శాస్త్రాలు తెలుసు, వెంకయ్య గారికి బడి లేదు. ఇద్దరిలో ఉన్న ఆకలి మాత్రం ఒక్కటే.

మరి ఆ ఇద్దరి పిల్లలం అనిపించుకునే మనం, ఏ పేట మందిరం ఎవరిదో, ఎవరి వీధిలో ఎవరు బల్ల తీసుకోవచ్చో ఇంకా లెక్కలు చూసుకుంటున్నామా? చౌధరి గారు నీళ్లలో వదిలి వచ్చిన దాన్ని మనం మందిరంలోకి తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెడితే, ఆయన పాట పాడే హక్కు మనకు ఉందా? పెళ్లి సంబంధాల వేళ, సంఘ ఎన్నికల వేళ మన మనసు మనకే తెలుస్తుంది. ఆరాధన ఎండిపోవడానికి ఇదీ ఒక కారణమే. పక్కవాడితో బాగుండని హృదయం పైవాడితో బాగుండలేదు.

చల్లారని దీపం

బాప్తిస్మం నాటి ఉత్సాహం చాలామందిలో రెండేళ్లు ఉంటుంది. చౌధరి గారిలో అది యాభై ఏళ్లకు పైగా నిలిచింది. బోధకులుగా, కాపరిగా అభిషేకం పొంది, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల్లో ఊరూరా తిరిగారు. సంతల్లో నిలబడి పాడారు, చెప్పారు. విన్నవారూ ఉన్నారు, తరిమినవారూ ఉన్నారు. పెద్ద మందిరాలు కట్టలేదు, ఆస్తులు కూడబెట్టలేదు. 1890లో, ఎనభై దాటిన వయసులో ప్రభువు దగ్గరకు వెళ్లారు. ఆయన మనకు విడిచిపెట్టిన ఆస్తి కీర్తనల పుస్తకంలో ఉంది.

అంతకాలం ఆశ ఎలా నిలిచింది? ఆయన జీవితాన్ని బట్టి మాకు తోచింది ఇది. ఆశ వచ్చినప్పుడు పాడదాం అని ఆయన ఆగలేదు. పాడుతూ ఆశను నిలుపుకున్నారు. పొయ్యిలో నిప్పు ఆరకుండా ఉండాలంటే రాత్రి బూడిద కప్పి, తెల్లవారి మళ్లీ పుల్ల వేయాలి. నిప్పు తనంతట తాను ఉండదు. చదవడం ఒక పుల్ల, అడగడం ఒక పుల్ల, పాడడం ఒక పుల్ల, మరొకరికి చెప్పడం ఒక పుల్ల. ఇవన్నీ ఆదివారం మందిరంలో కీబోర్డు వాయించే తమ్ముడు మన బదులు చేయలేడు. పాస్టరు గారు కూడా చేయలేరు.

కొత్త పాటలు వద్దని మేము అనడం లేదు. చౌధరి గారి పాటలు కూడా ఒకనాడు కొత్తవే, ఆనాడు వాటిని వింతగా చూసినవారూ ఉండే ఉంటారు. కొత్త పాట పాడినా పాత కీర్తన పాడినా అది మన గుండెలో నుంచి వస్తోందా అన్నదే ప్రశ్న.

అందుకే ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. శనివారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు పక్కన పెట్టి, ఆ పాత పుస్తకం బీరువా మీద నుంచి దించుదాం. అందులో చౌధరి గారి కీర్తన ఒకటి వెతుకుదాం. రాగం తెలియకపోతే ఇంట్లో ఉన్న అమ్మమ్మనో, వీధి చివర ఉన్న పెద్దమ్మనో పిలిచి నేర్పమని అడుగుదాం. నేర్పేటప్పుడు ఆమె ముఖం చూడండి. పల్లవి రెండుసార్లు అందరం అందాం. ఆ తర్వాత, ఎవరితో మాట్లాడడం మానేశామో ఆ మనిషి పేరు ప్రభువు దగ్గర చెప్పి పడుకుందాం. తెల్లవారి ఆదివారం. మందిరానికి మనసు మనకంటే ముందే వెళ్లి కూర్చుంటుంది.

నీటి వాగుల కోసం దుప్పి ఆశపడినట్టు తన కోసం ఆశపడే హృదయాన్ని ప్రభువు మన ఇళ్లలో, మన సంఘాల్లో మళ్లీ పుట్టించును గాక. ఆమేన్.